శ్యామల వేసిన నంబర్లు

2022 నవంబర్ 26, శనివారం

చుట్టాలంతా నిన్నటితో వెళ్లిపోయారు. ఆ రోజు ఎలా గడిచిందో రాసి పెట్టుకుంటాను. మరిచిపోతానని కాదు. పోను పోను ఇంకో తీరుగా గుర్తు పెట్టుకుంటానేమోనని.

పదమూడో తారీఖు, ఆదివారం. శ్యామల నాకంటే ముందే లేచింది. కాళ్ల వాపు కొంచెం తగ్గినట్టే ఉంది. సగం గ్లాసు చాయ తాగింది. నేను ఉప్మా చేశాను. డాక్టరు చెప్పినట్టే ఉప్పు వేయలేదు. రెండు చెంచాలు తిని, "దవాఖాన తిండి ఇంటికాడనే తినిపిస్తున్రు గద సారూ" అంది. పెండ్లినాటికి నేను పాలిటెక్నిక్‌లో లెక్చరర్‌ను, ఆమె హైస్కూల్లో తెలుగు టీచరు. అప్పటినుంచీ ఆమెకు నేను సారునే.

పేపరు చదివింది. ఎప్పటిలాగే ఎర్ర పెన్ను పట్టుకొని అచ్చుతప్పులు దిద్దింది. తర్వాత నేను గీస్తున్న విమానం ఇంజను బొమ్మ చూపించమంది. ల్యాప్‌టాప్ తెచ్చి ఒళ్లో పెట్టాను. అప్పటికి ఏడు సిలిండర్లు చుట్టూ నిలబెట్టి, లోపల పిస్టన్లు పెట్టాను. వాల్వులు ఇంకా పెట్టలేదు. ఆమె వేలితో బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది తనంత తాను ఎప్పుడు తిరుగుతది?"

"వాల్వులు పెట్టినంక."

"జర జల్ది పెట్టుండ్రి. మీరు గీతలు గీసుకుంట కూసుంటే నా కండ్లు కాయలు కాస్తయి."

మధ్యాహ్నం పడుకుంది. లేచేసరికి ఊపిరి అందడం లేదు. కాలేజీలో నాతో పనిచేసిన మక్సూద్‌కు ఫోన్ చేస్తే కారు తెచ్చాడు. వెనక సీట్లో నా భుజానికి ఆనుకొని కూర్చుంది. క్లాక్ టవర్ దగ్గర బండ్లు ఆగిపోయాయి. అక్కడ అడిగింది, "గ్యాస్ బంద్ చేసిన్రా?" అని. చేసిన అన్నాను. నిజంగానే చేశాను. మళ్లీ మాట్లాడలేదు. దవాఖానలో చాలాసేపు ప్రయత్నం చేశారు. పొద్దుగూకేసరికి ఇంటికి తీసుకొచ్చాం.

అంతే.

నవంబర్ 27

మా బిడ్డ నిహారిక జడ్చర్లకు వెళ్లిపోయింది. అక్కడ మందుల కంపెనీలో దాని ఉద్యోగం. ఎన్నాళ్లని సెలవు పెడుతుంది. ఫ్రిజ్ నిండా కూరల డబ్బాలు పెట్టి, మూతల మీద వారాల పేర్లు రాసింది. శనివారం డబ్బా ఈ రోజే తినేశాను. బాగుంది.

నవంబర్ 30

శ్రీకాంత్ ఫోన్ చేశాడు. నా దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు మా కాలేజీకి ప్రిన్సిపాల్. ఏమేమో పరామర్శ చేసి, చివరికి మెల్లగా ఇంజను సంగతి ఎత్తాడు. పాత వర్క్‌షాపు షెడ్డు కూలగొట్టి కొత్త తరగతి గదులు కడుతున్నారు. షెడ్డులో ఉన్న విమానం ఇంజనును బెంగళూరు దిక్కు ఒక మ్యూజియం వాళ్లు తీసుకుంటామన్నారు. ఫిబ్రవరి ఆఖరుకు లారీ వస్తుంది. వాళ్లు ఇంజను బిగించి నిలబెట్టి, పక్కన తెర మీద నా మోడల్ తిప్పి చూపిస్తారట.

"మీకు వీలు గాకపోతే నేను వాళ్లకు చెప్త సార్. ఫికర్ జేయకుండ్రి."

"వీలైతది" అన్నాను.

ఫోన్ పెట్టేసినాక ల్యాప్‌టాప్ తుడిచాను. తెరవలేదు.

డిసెంబర్ 3

తెరిచాను. మూడు వాల్వులు పెట్టాను.

డిసెంబర్ 6

షెడ్డుకు వెళ్లాను. శ్యామల కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ అక్కడే ఉంది. మీద దుమ్ము లేదు. మక్సూద్ తుడుస్తున్నాడేమో. అడగలేదు. వర్క్‌షాపులో నాతో పాటు పనిచేసి నాతో పాటే రిటైరైన మనిషి, ఇప్పటికీ రోజూ ఒకసారి కాలేజీకి వచ్చి పోతాడు. ఎందుకంటే "అలవాటు సాబ్" అంటాడు.

ఇంజను లారీ టైరు మీద వెల్లకిలా పడుకొని ఉంది. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అలాగే ఉంది. వెనక భాగం కిందికి, ప్రొపెల్లర్ బిగించే ముక్కు ఆకాశానికి. నడుమ గుండ్రని గర్భం, దాని చుట్టూ చక్రానికి ఆకుల్లాగా ఏడు సిలిండర్లు. ఎప్పుడో మిలిటరీ వాళ్లు పిల్లలకు చూపించడానికని ఇచ్చిపోయారు. ఎన్నడూ తిరగలేదు. దాని బొమ్మ బోర్డు మీద ఎన్ని వందలసార్లు గీశానో. తిరిగే బొమ్మ గీయాలనేది రిటైరైనాక పుట్టిన పిచ్చి. లాక్‌డౌన్‌లో వీడియోలు చూసి సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను.

శ్యామలకు గుండె జబ్బని తేలాక ఇంట్లో ఒక్కదాన్ని వదలబుద్ధి కాక షెడ్డుకు వెంట తీసుకుపోయేవాణ్ని. మొదట ఊరికే కూర్చునేది. తర్వాత నేను వెర్నియర్ పట్టి కొలతలు చెబుతుంటే రాసేది. ఇంకొన్నాళ్లకు వెర్నియర్ ఆమె చేతిలోకి పోయింది, పెన్ను నా చేతిలోకి వచ్చింది. సిలిండర్ల చుట్టూ వేడి పోవడానికి పలుచని ఇనుప పొరలు వరసలు వరసలుగా ఉంటాయి. వాటిని చూసి, "పూలు దొరకక ఇనుముతోని పేర్చిన్రు గీ బతుకమ్మను" అంది.

ఈ ఇంజను సిలిండర్లలో పెట్రోలు వరసగా పేలదు. ఒకటి, మూడు, ఐదు, ఏడు. మళ్లీ రెండు, నాలుగు, ఆరు. అది చెబితే చాలాసేపు నవ్వింది. "పంక్తిల ఒకరిని విడిచి ఒకరికి వడ్డిస్తే పెండ్లిల లొల్లి అయితది. వీళ్లు మంచోళ్లు సారూ, రెండో తాప దాకా ఆగుతరు."

దసరా రోజు వర్క్‌షాపులో మిషన్లన్నిటికీ పూజ. శ్యామల ఇంజనుకు కూడా పసుపు కుంకుమ తెచ్చింది. ఒకటో సిలిండర్ దగ్గర కంపెనీ వాళ్ల గుర్తు ఇంకా కనిపిస్తుంది. మిగతావన్నీ తుప్పులో కలిసిపోయాయి. మన లెక్క మనకు ఉండాలె గద అని, మా గేటుకు వేసిన తెల్ల పెయింటు డబ్బా కూడా ఆ రోజే తెచ్చింది. ఒకటో దాని దగ్గర మొదలుపెట్టి, ఒక్కో సిలిండర్‌కు బొట్టు పెడుతూ, నంబరు రాస్తూ చుట్టూ తిరిగింది. తెలుగు అంకెలు. ౧, ౨, ౩. ఆ ఒక్క చుట్టుకే చాలాసార్లు ఆగింది. కుర్చీ వద్దంది.

బొట్లు రాలిపోయాయి. అంకెలు ఉన్నాయి. పిల్లలు అవి ముగ్గులనుకుంటున్నారని మక్సూద్ చెప్పాడు.

డిసెంబర్ 11

వాల్వులు పూర్తయ్యాయి. వాటిని తోసే సన్న కడ్డీలు కూడా పెట్టాను. ఏ సిలిండర్‌లో ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో ఇంజనుతో వచ్చిన పాత పుస్తకం జిరాక్సులో నంబర్ల వారీగా ఉంది. అంతా ఎక్కించాను.

రేపు తిప్పుతాను.

డిసెంబర్ 12

తిరగలేదు.

ఒకటో సిలిండర్ నిక్షేపంగా ఉంది. మిగతా ఆరింటిలో పిస్టన్ పైకి వచ్చే సమయానికి వాల్వు కిందికి దిగి ఉంటుంది. రెండూ కొట్టుకుంటాయి. సాఫ్ట్‌వేర్ అక్కడ ఎర్రగా చూపిస్తుంది. తెర నిండా ఎరుపే.

నిజం ఇంజనైతే ఒక్క చుట్టుకే ముక్కలయ్యేది.

డిసెంబర్ 14

కడ్డీల పొడవు మళ్లీ చూశాను. సరిగ్గానే ఉంది. నంబర్లు సరిగ్గానే ఉన్నాయి. జిరాక్సులో ఏదో అంకె చెరిగి ఉండాలి.

డిసెంబర్ 15

జిరాక్సు కాదు. సాఫ్ట్‌వేర్ పాతది.

డిసెంబర్ 16

కొత్త సాఫ్ట్‌వేర్ వేశాను. ఒకటో సిలిండర్ నిక్షేపంగా ఉంది. మిగతా ఆరు ఎరుపు. ల్యాప్‌టాప్‌కు శక్తి చాలడం లేదేమో. నంబర్లు సరిగ్గానే ఉన్నాయి.

డిసెంబర్ 18, ఆదివారం

నిహారిక వచ్చింది. నేనే వండాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకొని ఆగింది.

"పప్పుల ఉప్పు లేదు బాపూ."

"డాక్టరు వద్దన్నడు."

"నీకు గాదు గద."

అది లేచి ఉప్పు డబ్బా తెచ్చుకుంది. నేను అలాగే తిన్నాను. అలవాటైంది.

తిన్నాక తెర చూపించాను. దాని ఉద్యోగమే తప్పులు పట్టడం. కంపెనీలో తయారైన గోలీలు సరిగ్గా ఉన్నాయో లేవో చూస్తుంది. కాసేపు చూసి అంది.

"ఒకటి మంచిగున్నది, మిగిలినయన్ని ఖరాబున్నయి. అంటే పొడుగు, ఎడల్పు కాదు. ఏది ఎక్కడున్నదన్నది తప్పు. అమ్మ ఏసిన నంబర్లు ఒక్కసారి చూసినవా?"

"చూసే పనిలేదు."

"మా దగ్గర ఎవ్వరు రాసినా ఇంకొకరు చూసి సంతకం పెడ్తరు బాపూ. పగవట్టి చూడరు."

"మీ అమ్మ మీకాడ నౌకరి చేయలే."

అది లేచింది. గిన్నెలు కడిగింది. సాయంత్రం బస్సు ఎక్కించి వచ్చాను. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి, "ఉప్పు ఏసుకో" అంది.

డిసెంబర్ 24

ఏమీ చేయలేదు.

డిసెంబర్ 29

ఏమీ చేయలేదు. గేటుకు నూనె పెట్టాను.

2023 జనవరి 7

తిరిగింది.

శ్యామలా, తిరిగింది.

జనవరి 8

నిన్న రాయలేకపోయాను. జరిగింది ఇదీ. విసుగొచ్చి, నడుమ తిరిగే ఇరుసును, క్రాంక్ షాఫ్టును, ఉల్టా తిప్పి చూశాను. పుస్తకంలో ఉన్న దిక్కుకు కాదు, దాని ఎదురు దిక్కుకు. ఒక్క ఎరుపు లేదు. ఏడు సిలిండర్లూ ఒకదాని తర్వాత ఒకటి, వడ్డన అందినట్టే అందుకున్నాయి. ఒకటి, మూడు, ఐదు, ఏడు. మళ్లీ రెండు, నాలుగు, ఆరు. ఎంతసేపు చూశానో తెలియదు.

పుస్తకంలో దిక్కు తప్పుగా అచ్చయి ఉంటుంది. అట్లాంటివి జరుగుతాయి. పేపర్లో రోజూ ఎన్ని ఉండేవి. శ్యామల దిద్దలేదా.

జనవరి 9

మక్సూద్‌కు చూపించాను. వాళ్లావిడ ఇక్బాల్ బీ చేసిన సేమియా డబ్బాలో పెట్టుకొని వచ్చాడు. అద్దాలు ఎత్తి పెట్టుకొని, ముక్కు తెరకు ఆనించి చూశాడు.

"మాషా అల్లా. ఇంత సప్పుడు లేకుండ తిరిగే ఇంజను నా జిందగీల చూడలే సాబ్."

"బొమ్మ గద మక్సూద్."

"తెలుసు సాబ్. ఊకె అన్న. మీరు నవ్వుతరని."

నవ్వాను.

జనవరి 20

ప్రతి పొద్దున ల్యాప్‌టాప్ తెరవగానే ముందు దాన్ని తిప్పుతాను. చాయ తాగేదాకా తిరుగుతూ ఉంటుంది. ఇప్పుడు పొరల అంచులకు గుండ్రం తెస్తున్నాను. బోల్టులకు మరలు వేస్తున్నాను. ఎవరికీ కనబడవు. అయినా వేస్తున్నాను.

జనవరి 24

శ్రీకాంత్ గదికి పిలిచాడు. మోడల్ చూసి సంబరపడ్డాడు. "రెక్క గూడ పెడ్తే పిల్లలకు మంచిగ సమజైతది సార్" అని గోడ మీదికి చూపించాడు. ఇంజనుతో పాటు వచ్చిన చెక్క ప్రొపెల్లర్ సగం అక్కడ వేలాడుతుంది. రెండో సగం ఏనాడో పోయింది. దాన్ని గోడకు కొట్టింది నేనే, ముగ్గురు ప్రిన్సిపాళ్ల కిందట.

స్టూలెక్కి కొలిచాను. ఒంపు, వంకర, మందం. రెండుసార్లు కొలిచాను.

జనవరి 25

కరెంటు లేదు.

జనవరి 27

కండ్లు మంటగా ఉన్నాయి. రెక్క రేపు పెడతాను.

జనవరి 29, ఆదివారం

రేపు పెడతాను అనుకున్నదాన్ని నిహారిక ఇవాళే పెట్టించింది. పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంది. రెక్క పెట్టి తిప్పాను.

కాసేపు చూసింది. చిన్నప్పుడు కాగితం గిరక పట్టుకొని వాడకట్టంతా ఉరికిన పిల్ల అది.

"బాపూ, ఇది గాలి ఎటు కొడ్తాంది?"

"ముందుకు."

"ముందుకు కొడ్తే విమానం ఎటు పోతది?"

నేను తిప్పడం ఆపాను.

"ఎనుకకు పోతది" అని నవ్వింది. నవ్వుతూనే నా ముఖం చూసి ఆగిపోయింది. ఈసారి వాళ్లమ్మ మాట ఎత్తలేదు. చాయ పెడతానని లేచి పోయింది. వంటింట్లో చాలాసేపు ఉంది.

జనవరి 31

రెక్కను అద్దంలో చూసినట్టు తిప్పి పెట్టాను. కుడి వంకరను ఎడమ వంకర చేశాను. ఇప్పుడు విమానం ముందుకే పోతుంది. ఎవరు పోయి గోడ మీది చెక్కతో పోల్చి చూస్తారు.

ఫిబ్రవరి 2

శ్రీకాంత్‌కు పంపుదామని మెయిల్ రాశాను. పంపలేదు.

ఫిబ్రవరి 4

పంపలేదు.

ఫిబ్రవరి 8

శ్యామల నార్కట్‌పల్లి స్కూల్లో పనిచేసేటప్పటి సంగతి గుర్తొచ్చింది. వార్షిక పరీక్షలయ్యాయి, మార్కులు చెప్పేశారు, సెలవులు ఇచ్చేశారు. ఇంట్లో కట్టలు కడుతూ మళ్లీ ఒకసారి కూడి చూస్తే కృష్ణమ్మ అనే పిల్ల పేపర్లో మార్కులు తక్కువ కూడినట్టు తేలింది. పిల్ల ఎట్లాగూ పాసైంది. మార్కులు పెరిగినా క్లాసులో దాని జాగా మారదు. ఆ మాటే నేనన్నాను. మర్నాడు పొద్దున్నే శ్యామల బస్సెక్కి ఆ పిల్ల ఊరికి పోయింది. మే నెల ఎండ. పిల్ల పొలం కాడ ఉంటే అక్కడికి పోయి చెప్పి వచ్చింది. ఏమని చెప్పినవని అడిగితే, "ఏమున్నది, నేనే తప్పు కూడిన బిడ్డా అన్న" అంది. "మామిడికాయలు ఇచ్చిన్రు. మీరు వస్తే మోద్దురు."

ఎండకు ముఖం మాడిపోయి ఉంది. హాయిగా ఉంది ఆ రోజు.

తిప్పి పెట్టిన రెక్కను తీసేశాను.

ఫిబ్రవరి 9

షెడ్డుకు వెళ్లాను. జిరాక్సు తీసుకుపోయాను. అందులో ఒక వాక్యం ఉంది. చదవని వాక్యం కాదు. ముప్పై ఏండ్లు క్లాసులో చెప్పిన వాక్యం. సిలిండర్ల నంబర్లు పైలట్ కూర్చున్న దిక్కు నుంచి చూస్తూ, గడియారం ముల్లు తిరిగే వరసలో లెక్క పెట్టాలి.

పైలట్ కూర్చునేది ఇంజను వెనక. మన ఇంజను వెల్లకిలా పడుకొని ఉంది. వెనక భాగం నేలకు ఆని ఉంది. అంటే పైలట్ నేల కింద ఉన్నట్టు. మనం పైన నిలబడి ముక్కు దిక్కు నుంచి చూస్తున్నాం. ఎదురుగా కూర్చున్న మనిషి కుడిచెయ్యి మనకు ఎడమవైపు ఉంటుంది. అంతే సంగతి.

ఒకటో దాని దగ్గర నిలబడి మెల్లగా నడిచాను. ౧, ౨, ౩. నా కుడిచెయ్యి ఇంజను వైపు ఉంది. గుళ్లో తిరిగినట్టు. ఆమె అలాగే తిరిగింది.

మక్సూద్ ఎప్పుడొచ్చాడో, చాయ గ్లాసులు పట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏం పోయింది సాబ్, ఎతుకుతున్రు?"

"నంబర్లు ఉల్టా పడ్డయి మక్సూద్. ఈ దిక్కు తిరిగి రాసింది. ఆ దిక్కు తిరగాలె."

అతను గ్లాసులు కుర్చీ మీద పెట్టబోయి, ఆగి, కింద పెట్టాడు. ఇంజనును ఒకసారి చూశాడు.

"పసుపు కుంకుమ పట్టుకోని ఉల్టా ఎట్ల తిరుగుతది సాబ్ భాభీ? ఇంజను కోసమని దేవుణ్ని ఎడమకు పెట్టుకుంటదా?"

"నువ్వు గూడ ఉన్నవు గద ఆ రోజు. చెప్పొద్దా?"

"నాకేం తెల్సు. చాయ్ పట్టుకోని భాభీ ఎనుకనే నేను గూడ ఒక చుట్టు తిరిగిన. పడ్తదేమోనని." గ్లాసు తీసి నా చేతికిచ్చి అన్నాడు. "మీరు ఈడనే నిలవడ్డరు. మీకు ఎర్కే గద. మీరెందుకు చెప్పలే?"

చాయ చల్లారింది. అదే తాగాము.

ఎందుకు చెప్పలేదో ఇంటికొచ్చాక తెలిసింది. నేను నంబర్లు చూడలేదు. ఆ రోజు ఆమె దసరా చీర కట్టుకుంది. వాచిన కాళ్లతో, ఎడమ చేతిలో కుంకుమ భరిణె, కుడి చేతిలో బ్రష్షు, ఒక్కో సిలిండర్ దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటూ తిరుగుతుంటే నేను ఆమెను చూస్తున్నాను.

ఫిబ్రవరి 10

మోడల్‌లో నంబర్లు మార్చాను. రెండు ఏడైంది, ఏడు రెండైంది. మూడు ఆరు. నాలుగు ఐదు. క్రాంక్ షాఫ్టును పుస్తకంలో చెప్పిన దిక్కుకే తిప్పాను. రెక్క గోడ మీద ఉన్నట్టే పెట్టాను.

తిరిగింది. గాలి వెనక్కి కొట్టింది.

నిహారికకు ఫోన్ చేసి చెప్పాను. "నువ్వు చెప్పిందే" అన్నాను. అట్లనా అంది. తర్వాత, "అమ్మ ఉంటే ఏమంటుండె?" అని అడిగింది.

"మామిడికాయలు తెచ్చిన్రా అంటుండె."

అదేందని అడిగింది. ఫోన్లో చెప్పేది కాదు, వచ్చినప్పుడు చెబుతానన్నాను.

ఫిబ్రవరి 13

ఇవాళ పప్పులో ఉప్పు వేశాను. కొంచెం ఎక్కువైంది.

ఫిబ్రవరి 21

మ్యూజియం వాళ్లు ఫోన్ చేశారట. లారీ ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున వస్తుంది. విడి భాగాలన్నీ సామాన్ల డబ్బాలలో సర్దాము, నేనూ మక్సూదూ. వాల్వులను తోసే కడ్డీల మీద కంపెనీ వాళ్లు కొట్టిన నంబర్లు ఉన్నాయి. ఏ నంబరు కడ్డీ ఆ నంబరు సిలిండర్‌లోకే పోవాలి. వాటి పొడవుల్లో చిన్న చిన్న తేడాలున్నాయి.

సర్దుతుంటే ఇద్దరమూ ఒకేసారి ఆగాము. అక్కడ బిగించేవాళ్లు సిలిండర్ల మీద ఉన్న నంబర్లు చూసే బిగిస్తారు.

ఫిబ్రవరి 22

శ్రీకాంత్‌తో చెప్పాను. "వాళ్లు ఎట్లాగు గీకి కొత్త పెయింటు ఏస్తరు గద సార్. ఒక్క మాట చెప్తే సరిపోతది" అన్నాడు. నిజమే. ముందు గీకుతారో, ముందు బిగిస్తారో ఎవరికి తెలుసు.

ఫిబ్రవరి 23

ఒక చీటీ అతికిద్దామనుకున్నాను. ఉన్న నంబర్లు ఉన్నట్టే ఉంచి, ఈ నంబర్లు ఉల్టా ఉన్నవని. మక్సూద్ విని, "ఇక్కడ అంటిస్తే నకిరేకల్ దాటకముందే ఎగిరిపోతది సాబ్" అన్నాడు. లారీ పోయేది నకిరేకల్ తొవ్వన కాదు. అది అతనికీ తెలుసు. అయినా ఎగిరిపోయే మాట నిజం.

ఫిబ్రవరి 25

ఫోటోలు తీశాను. ఫోటోలో అవి తెల్ల గీతలు. ౩ దగ్గర పెయింటు కారింది. అక్కడ ఆమెకు దగ్గు వచ్చింది. అది ఫోటోలో కారిన పెయింటులాగే ఉంది.

ఫిబ్రవరి 26, ఆదివారం

నిహారికను షెడ్డుకు తీసుకుపోయాను. కుర్చీలో కూర్చోబెట్టి మామిడికాయల సంగతి చెప్పాను. తర్వాత నంబర్ల సంగతి. అది లేచి ఇంజను చుట్టూ ఒకసారి తిరిగింది. ఎవరూ చెప్పకుండానే వాళ్లమ్మ తిరిగినట్టే తిరిగింది.

"ఎవరు తుడుస్తరు?" అంది.

"నేనే."

"నేను ఉండాల్నా?"

"వద్దు. డ్యూటీకి పో."

పోతూ పోతూ కుర్చీని చూసింది. "ఇదైతే లారీ ఎక్కియ్యకు" అంది. మక్సూద్ స్కూటర్ మీద ఇంటికి తెచ్చి ఇచ్చాడు. వరండాలో వేశాను.

ఫిబ్రవరి 27

మోడల్ పంపించాను. ఈసారి వెంటనే పంపాను. తయారు చేసినవారు అన్న జాగాలో రెండు పేర్లు రాశాను. శ్రీకాంత్ ఏమీ అడగలేదు.

ఆరు నంబర్లు తుడవాలి. మధ్యాహ్నం నుంచీ అదే లెక్క. రెండు ఏడైతది, మూడు ఆరైతది, నాలుగు ఐదైతది. ఎన్నిసార్లు కూడినా ఆరే. ఏ దిక్కు నుంచి లెక్కపెట్టినా ఒకటి ఒకటే. దాన్ని ముట్టుకునే పనిలేదు. ఇది మొన్నటిదాకా నాకు తట్టలేదు. డిసెంబర్ నుంచి ఆ ఒక్క సిలిండరే నిక్షేపంగా తిరుగుతూ ఉంది, నేను మిగతా ఆరింటినే చూస్తూ కూర్చున్నాను.

థిన్నర్ సీసా, పాత బనీను గుడ్డ, సన్న బ్రష్షు సంచిలో పెట్టాను. గేటు పెయింటు డబ్బాలో అడుగున కొంచెం మిగిలింది. మూత గట్టిపడితే చెంచాతో ఎత్తాను. సరిపోతుంది.

రేపు పొద్దున్నే, లారీ రాకముందే షెడ్డుకు పోతాను. ఒకటో దాని దగ్గర మొదలుపెట్టి ఆమె తిరిగిన దిక్కే తిరుగుతాను. ఒక్కోటి తుడిచి, అక్కడే కొత్తది రాస్తాను. ఏడు, ఆరు, ఐదు, నాలుగు, మూడు, రెండు. తెలుగు అంకెలే రాస్తాను. వాళ్లకు తెలియడానికి పక్కన చిన్నగా ఇంగ్లీషు అంకె. రెండు రాసి ఇంకొక అడుగు వేస్తే మళ్లీ ఒకటి వస్తుంది. దాని మీద దుమ్ము తుడిచి, కుంకుమ పెట్టి వస్తాను.